మిర్చి ఘాటుకు స్లిప్పరీ ఎల్మ్ బెరడు పొడి: నెల రోజుల వాడకం

గుంటూరు మిర్చి యార్డులో లెక్కలు రాసే ఉద్యోగం కావడంతో, ఫిబ్రవరి నుంచి మే వరకు సరుకు ముమ్మరంగా దిగే రోజుల్లో సాయంత్రానికల్లా నా గొంతు ఒరుసుకుపోయి మండుతుంది. ఆ మంటకు హాయినిస్తుందని విని, అరండల్‌పేటలోని ఒక మూలికల దుకాణంలో స్లిప్పరీ ఎల్మ్ బెరడు పొడిని కొని నెల రోజులుగా వాడుతున్నాను.

ఇది ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతాల్లో పెరిగే చెట్టు లోపలి బెరడు. అక్కడి ఆదివాసులు గొంతునొప్పికీ, కడుపులో మంటకూ, పుండ్ల మీద పట్టుగానూ తరతరాలుగా వాడారు. దుకాణదారు "మన నెమలినార లాంటిదేనండీ" అన్నారు. రెండు చెట్లదీ ఒకే కుటుంబమన్నది నిజమే గాని, ఒకదానికి బదులు మరొకటి వాడదగినది కాదు.

చిన్న చెంచాడు పొడిని ముందుగా కాసిని చన్నీళ్లతో మెత్తగా కలిపి, ఆపైన గ్లాసుడు వేడినీళ్లు పోయాలి; నేరుగా వేడినీళ్లలో వేస్తే పైన తడిసి లోపల పొడిగా మిగిలే ఉండలు కడతాయి. కాసేపటికి అది చెంచా ఎత్తితే తీగ సాగేంతగా, గంజిలా చిక్కబడుతుంది. మెంతుల వాసన లీలగా తగులుతుంది, రుచి చప్పన. తాగిన తరువాత గంటసేపు గొంతుకు పూత పూసినట్లు హాయిగా ఉంటుంది. బెరడులోని జిగురు నీటిని పీల్చుకొని ఉబ్బి, మండుతున్న పొర మీద పరుచుకోవడమే దీని పని. జ్వరంతో కూడిన గొంతునొప్పికి మాత్రం దీన్ని నమ్ముకొని కూర్చోక, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నా ఫిర్యాదు ప్యాకెట్టు మీద రాయని విషయాల గురించి. పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకున్న వెంటనే మా అమ్మకు ఒక గ్లాసు ఇచ్చాను. మూడో రోజు మందుల షాపులో ఫార్మసిస్టు ఆ మాట విని, ఈ జిగురు కడుపులో మాత్రల మందును ఒంటికి పట్టకుండా ఆలస్యం చేయవచ్చనీ, కనీసం రెండు గంటల ఎడం ఉండాలనీ చెప్పారు. నాకు చాలా బాధ వేసింది. అప్పటి నుంచి అమ్మకు ఉదయం పూట ఇవ్వడం మానేశాను. గర్భిణులు వాడకూడదన్న హెచ్చరిక కూడా ఆ ప్యాకెట్టు మీద లేదు; లోపలి బెరడో బయటి బెరడో కూడా రాయలేదు. బయటి బెరడును పూర్వం గర్భస్రావానికి వాడేవారు కాబట్టి, ఇది చిన్న లోపం కాదు.

ధర ఇసబ్‌గోల్‌ కంటే చాలా ఎక్కువ. అయినా యార్డు నుంచి వచ్చిన రాత్రి నాకు ఇది నిజంగా పనికొచ్చింది. ఈ వివరాలన్నీ అచ్చువేసిన ప్యాకెట్టు దొరికితేనే మళ్లీ కొంటాను.