పాత వెబర్ జెనిసిస్ గ్రిల్లు: పెట్టె చూసి కొనండి, మిగతాది ఆటోనగర్‌లో అవుతుంది

అమెరికా సామాన్లతో పాటు కంటైనర్లో దిగి, పెరట్లో టార్పాలిన్ కింద మూలపడ్డ వెబర్ గ్యాస్ గ్రిల్లు చవగ్గా వస్తోందా? మూత మెరుపు, చక్రాలు తర్వాత చూడొచ్చు. ముందు మూత ఎత్తి, ఊచలు తీసేసి, కింది పెట్టె చూడండి. వెబర్ వారి జెనిసిస్ మోడల్‌లో బర్నర్లుండే ఆ పెట్టె పోత అల్యూమినియం, తుప్పు పట్టదు. పగులు లేకపోతే బేరం మొదలుపెట్టొచ్చు. ఆ పెట్టె, వాల్వులు బిగించి ఉన్న పైపు, ఈ రెండే ఇక్కడ చేయించుకోలేనివి. మూత లోపల పెచ్చులూడుతుంటే పెయింటు పోయిందనుకుని కంగారు పడొద్దు. అది మాడిన జిడ్డు, గీకితే వస్తుంది.

జెనిసిస్ 1985లో మార్కెట్లోకి వచ్చింది. తర్వాతి 1000 సిరీస్‌లో మూడు బర్నర్లు ఎడమ నుంచి కుడికి అడ్డంగా ఉంటాయి. వాటి మీద 13 ఫ్లేవరైజర్ బార్లు, అంటే కారే నూనె నేరుగా మంటలో పడకుండా కాచే, ఇంటి కప్పులా మడిచిన రేకులు. తర్వాత వచ్చిన జెనిసిస్ సిల్వర్ బీ, సీ మోడళ్లలో బర్నర్లు మూడే, బార్లు మాత్రం ఐదు. బాగుచేసేవాళ్లకు సిల్వర్ బీ సుఖం. వంటకు మాత్రం మా ఓటు 1000 సిరీస్‌కే, పక్క బల్లల చెక్క చెదలపాలైనా సరే. టేకు పలకలు కోయించి బిగిస్తే సరిపోతుంది.

సిల్వర్ ఏ జోలికి వెళ్లకపోవడం మంచిది. దానికి రెండే బర్నర్లు. నిండు కోడిని కాల్చాలంటే ముందు, వెనక బర్నర్లు వెలిగించి మధ్యది ఆపాలి, రెండింటితో ఆ వీలు ఉండదు. పైగా బార్ల కొలతలు వేరు: సిల్వర్ ఏకి 21.5 అంగుళాలు, బీ, సీలకు 22.5. చూసుకోకుండా తెప్పిస్తే ఆ ఒక్క అంగుళం దగ్గరే పని ఆగిపోతుంది.

గ్యాస్ సంగతి. అమెరికా ప్రొపేన్ గ్రిల్లులు 11 అంగుళాల నీటి మట్టం ఒత్తిడికి, అంటే సుమారు 27 మిల్లీబార్లకు చేసినవి. మన 14.2 కేజీల సిలిండర్ రెగ్యులేటర్ ఇచ్చేది దాదాపు 30. కాబట్టి పాత రెగ్యులేటర్, గొట్టం తీసేసి, మన రెగ్యులేటర్, ఐఎస్ఐ మార్కు సురక్ష ట్యూబు పెడితే జెట్లు, అంటే బర్నర్లోకి గ్యాస్ చిమ్మే సన్న రంధ్రపు ముక్కలు, మార్చే పని లేదు. హోటల్ పొయ్యిల హై ప్రెషర్ రెగ్యులేటర్ మాత్రం పెట్టొద్దు, ఈ వాల్వులు ఆ ఒత్తిడికి చేసినవి కావు. మన గ్యాస్‌లో బ్యూటేన్ కూడా ఉంటుంది కనుక మంట కొసలు పసుపు తిరగొచ్చు. బర్నర్ మొదట్లోని గాలి రేకు కొంచెం తెరిస్తే నీలానికి వస్తుంది. అన్నట్టు, ఇదే మోడల్ నేచురల్ గ్యాస్ రకంలోనూ వచ్చేది. దాని జెట్ల రంధ్రాలు పెద్దవి. వాటికి సిలిండర్ తగిలిస్తే మంట ఎగిసిపడి మసి కమ్ముతుంది. స్టిక్కర్ చదివాకే డబ్బులివ్వండి.

విప్పేటప్పుడు ఎక్కువగా విరిగేవి పెట్టెను ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టులు. అల్యూమినియం, ఇనుము కలిసిన చోట చెమ్మకు తెల్లటి పొడి కట్టి బిగుసుకుపోతాయి. తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు పెట్టె వైపు కాస్త వేడి చూపించి, ముందుకూ వెనక్కూ కదుపుతూ తిప్పాలి. కొత్తవి 304 గ్రేడు స్టీలు బోల్టులు వేయండి, అదీ అంగుళాల లెక్కలోనే. మిల్లీమీటర్ల బోల్టు ఎక్కినట్టే ఎక్కి మర కొరికేస్తుంది.

వర్క్‌షాపులో జిడ్డు వదలడానికి కాస్టిక్ సోడా తొట్టిలో వేస్తామంటే ఒప్పుకోవద్దు. అల్యూమినియాన్ని కాస్టిక్ తినేస్తుంది. ప్లాస్టిక్ గీకుడు పలక, గిన్నెల సబ్బు, వేడినీళ్లు చాలు. ఎనామిల్ మూతను శాండ్ బ్లాస్టింగ్‌కు ఇవ్వొద్దు. ఫ్రేముకు చేయించి, పౌడర్ కోటింగ్ వేయించుకోండి.

బార్లు 16 గేజి 304 స్టీలు రేకుతో, పాత బారును నమూనాగా ఇచ్చి మడిపించండి. జీఐ రేకు వద్దే వద్దు, వేడికి జింకు పొగ వస్తుంది.

బిగించే ముందు బర్నర్ గొట్టాల్లోకి టార్చి వేసి చూడండి. మన దగ్గర మట్టి గూడు కట్టే కుమ్మరి పురుగుకు ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు. మట్టి అడ్డుపడితే గ్యాస్ వెనక్కి తన్ని, మంట నాబ్‌ల దగ్గర లేస్తుంది. సన్నటి సీసా బ్రష్షుతో రెండు వైపుల నుంచీ తోమాలి. తర్వాత నాబ్‌లన్నీ మూసి, సిలిండర్ తెరిచి, ప్రతి జాయింటుకూ సబ్బు నీళ్లు పూయండి. బుడగ లేస్తే మళ్లీ బిగించాలి. అగ్గిపుల్లతో పరీక్షలు వద్దు. ఎల్పీజీ గాలికంటే బరువు, పెట్టె అడుగున నిలుస్తుంది. అందుకే ఎప్పుడూ మూత తెరిచే వెలిగించాలి.

మూడు బర్నర్లు కలిపి గంటకు 36,000 బీటీయూల (వేడి కొలత) మంట, పూర్తిగా తెరిస్తే గంటకు సుమారు ముప్పావు కేజీ గ్యాస్. అంత మంట వంటకు ముందు పది నిమిషాలు గ్రిల్లు వేడెక్కించడానికే. గుంటూరు కారం దట్టించిన కోడి ముక్కల్ని నేరుగా పెద్ద మంట మీద వేస్తే, మాంసం ఉడక్కముందే కారం మాడి, పక్కింటివాళ్లు కూడా దగ్గుతారు. మధ్య బర్నర్ ఆపి, ముక్కలు అక్కడ పేర్చి, మూత వేసి అరగంట ఉంచండి. రంగు కోసం చివరి రెండు నిమిషాలే మంట మీదకు జరపాలి.