రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్: ఆరేళ్లు వాడాక

మైక్, గిటార్ల శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఈ డబ్బా నా బల్ల మీదికొచ్చి ఆరేళ్లు దాటింది. రెండు ఇన్‌పుట్లు, రెండు అవుట్‌పుట్లు, ముందువైపు హెడ్‌ఫోన్ జాక్, కరెంటూ డేటా రెండూ ఒకే యూఎస్‌బీ వైరులో. కంపెనీ పేరు చెప్పను. కింద తిట్లు కూడా ఉన్నాయి, పైగా ఈ తరగతి డబ్బాలు చాలావరకు ఒకే తాను ముక్కలు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2, మోటూ ఎం2, ఆడియెంట్ ఐడీ4 లాంటి వాటి పక్కన పెట్టి చూసుకునే సరుకే ఇదీ. నా పని పాట, గిటార్, అప్పుడప్పుడూ వాయిస్ ఓవర్.

కొనేటప్పుడు చూసిందల్లా అట్టపెట్టె మీది అంకెలే. 24 బిట్ (ఒక్కో కొలత ఎంత సూక్ష్మమో), 192 కిలోహెర్ట్జ్ (శబ్దాన్ని సెకనుకి 1,92,000 సార్లు కొలుస్తుందని). ఎక్కువుంటే మంచిదే కదా అనుకున్నా. ఈ ఆరేళ్లలో 192 పెట్టింది ఒకే ఒక్క రోజు. ఫైళ్లు 48 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే నాలుగింతలయ్యాయి, ల్యాప్‌టాప్ ఫ్యాను రొద మొదలెట్టింది, చెవికి మాత్రం తేడా లేదు. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినదు, అంతవరకూ పట్టుకోవడానికి దానికి రెట్టింపు పైచిలుకు కొలతలు చాలు, అంటే 44.1 సరిపోతుంది. 24 బిట్‌ని మాత్రం వదలకండి. దాని పుణ్యమా అని లెవెల్ కాస్త తక్కువగా పెట్టుకుని నిశ్చింతగా పాడొచ్చు. ఈ సంగతి తెలియక మొదట్లో మీటరు పైకంటా కొట్టేలా గెయిన్ (మైక్ సిగ్నల్‌ని పెంచే మోతాదు) పెట్టేవాణ్ణి. ఒక సాయంత్రం ఎప్పుడూ కుదరని పై స్థాయి కుదిరింది. కళ్లు తెరిచి చూస్తే ఎర్ర లైటు, లెవెల్ హద్దు దాటిందని. ఆ టేక్ ఇప్పటికీ నా దగ్గరుంది, చిరిగిన గొంతుతో. అప్పట్నుంచీ పీకులు (శబ్దం ఎగిసే శిఖరాలు) మైనస్ 12 డీబీ, అంటే హద్దుకి 12 డెసిబెల్స్ కింద, దాటనివ్వను.

ఇక గెయిన్. నా గదిలో ప్రతిధ్వని ఎక్కువని డైనమిక్ మైక్ (సున్నితత్వం తక్కువున్న రకం) కొన్నా. చుట్టుపక్కల చప్పుడు తక్కువ పడుతుందన్నది నిజమే, కానీ అది ఇచ్చే సిగ్నలూ అంతే నీరసం. ష్యూర్ ఎస్ఎం7బీ లాంటి మైక్‌తో మామూలు గొంతుకి 60 డీబీ దాకా గెయిన్ కావాలి. నా డబ్బా ఇచ్చేది 50 పైచిలుకు. నాబ్‌ని ముప్పావు వంతు తిప్పినా మీటరు సగం కూడా లేవదు. అక్కణ్ణుంచి వెంట్రుకవాసి కదిపితే చాలు, గొంతు ఒక్కసారిగా ఎగిరి పడుతుంది, వెనకే బుస్సుమని హిస్. పాటకి గిటార్ కింద అది దాగిపోతుంది. వాయిస్ ఓవర్‌లో మాటకీ మాటకీ మధ్య బయటపడుతుంది. చివరికి ఫాంటమ్ పవర్‌తో (ఇంటర్‌ఫేస్ మైక్ వైరులోంచే పంపే కరెంటు) నడిచే ఇన్‌లైన్ బూస్టర్ ఒకటి తెచ్చి మైక్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్యన తగిలించా. 20 డీబీకి పైగా కలిసొచ్చి హిస్ సర్దుకుంది. ఆ డబ్బు మొదట్లోనే కలిపి ఉంటే పై మోడలే వచ్చేది! ఇప్పుడొచ్చేవి ఈ విషయంలో నయం: స్కార్లెట్ 2ఐ2 మూడో తరంలో 56 డీబీ ఉండేది, 2023లో వచ్చిన నాలుగో తరంలో 69. మీది కండెన్సర్ మైక్ (బలమైన సిగ్నల్ ఇచ్చే సున్నితమైన రకం) అయితే ఈ పేరా అంతా మర్చిపోండి, దానికి నా డబ్బా కూడా దండిగా సరిపోతుంది.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది డ్రైవర్, అంటే డబ్బాని కంప్యూటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్. విండోస్‌లో మొదటి నెల కంపెనీ డ్రైవర్ వేసుకోకుండా ఏసియో ఫర్ ఆల్ అనే ఉమ్మడి డ్రైవర్‌తో నెట్టుకొచ్చా, అది నా బద్ధకం. తర్వాత అసలుది వేశాక 128 శాంపిళ్ల (కొలతల) బఫర్ దగ్గర స్థిరపడ్డా. బఫర్ అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే మూట, అది నిండేదాకా శబ్దం ఆలస్యమవుతుంది. లెక్క ప్రకారం 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్లంటే 2.7 మిల్లీసెకన్లు, రానూ పోనూ 5.3. అవుట్‌పుట్‌ని కేబుల్‌తో ఇన్‌పుట్‌కి కలిపి నేనే కొలిస్తే 11 వచ్చింది. కన్వర్టర్లు కొంత, డ్రైవర్ చాటుగా దాచుకునే బఫర్ కొంత. గిటార్‌కి 11 ఇబ్బందేం కాదు, మూడు నాలుగు మీటర్ల దూరంలో ఆంప్ పెట్టుకుని వాయించినట్టే. పాడేటప్పుడు మాత్రం చిరాకు. మన గొంతు ఎముకల గుండా అప్పటికప్పుడే వినబడుతుంది, హెడ్‌ఫోన్లోది దాని తోక పట్టుకుని వస్తుంది.

దానికి మందు డైరెక్ట్ మానిటరింగ్ బటన్. మైక్ సిగ్నల్ కంప్యూటర్ దాకా పోకుండా నేరుగా చెవికొస్తుంది. రివర్బ్ (ప్రతిధ్వని హంగు) లేని పచ్చి గొంతు, అయినా ఆలస్యం ఉండదు. నా డబ్బాలో ఒక తిరకాసు ఉంది. ఒకటో ఇన్‌పుట్ ఎడమ చెవికి, రెండోది కుడి చెవికి, మధ్యలోకి తెచ్చే మోనో స్విచ్ లేదు. అంటే ఆరేళ్లుగా పాట మొత్తం ఎడమ చెవితోనే పాడుతున్నా. కొనేముందు ఈ ఒక్క స్విచ్ ఉందో లేదో చూసుకోండి, ప్రకటనల్లో ఎక్కడా రాయరు.

ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత డ్రైవర్ మూలనపడి రెండు నెలలు టపటపమంటూ సౌండు తెగిపోయేది. సపోర్ట్‌కి రాస్తే వేరే యూఎస్‌బీ పోర్టు ప్రయత్నించమన్నారు. ల్యాప్‌టాప్‌కి ఉన్నవే రెండు. కాబట్టి ఏ మోడల్ నచ్చినా ముందు ఆ కంపెనీ డౌన్‌లోడ్ పేజీకెళ్లి డ్రైవర్‌ని చివరిసారి ఎప్పుడు మార్చారో చూడండి. మ్యాక్ వాళ్లకీ లినక్స్ వాళ్లకీ ఈ గోల తక్కువ, క్లాస్ కంప్లయంట్ (యూఎస్‌బీ ఆడియో ప్రమాణాన్ని పాటించే) డబ్బా అయితే విడిగా డ్రైవర్ లేకుండానే నడుస్తుంది.

గిటార్ తగిలించినప్పుడు సన్నటి ఈల వచ్చేది, మౌస్ స్క్రోల్ చేస్తే దాని శ్రుతి మారేది. డబ్బా పోయిందనే అనుకున్నా. తీరా చూస్తే ల్యాప్‌టాప్ చార్జర్. ప్లగ్ పీకితే నిశ్శబ్దం. అందుకని రికార్డింగ్ అంతా బ్యాటరీ మీదే.

మిగతావి చిన్నవే. 250 ఓంల హెడ్‌ఫోన్లకి (ఓంలు ఎక్కువైతే నడపడానికి ఎక్కువ బలం కావాలి) శబ్దం చాల్లేదు, 80 ఓంలవాటికి మారా. నాలుగో ఏట హెడ్‌ఫోన్ నాబ్ గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు పడ్డాయి, మళ్లీ ఆ ఊసు లేదు. లూప్‌బ్యాక్ (కంప్యూటర్‌లో మోగే శబ్దాన్ని కూడా మైక్‌తో కలిపి రికార్డు చేసే వెసులుబాటు) లేదు. ఆన్‌లైన్లో పాఠాలు చెప్పేవాళ్లకి అది తప్పనిసరి, నాకు పెద్దగా పట్టలేదు. రెండో ఇన్‌పుట్ దండగన్నవాళ్లున్నారు గానీ, పాడుతూ వాయించేవాళ్లకి అదే ప్రాణం.

ఇప్పట్లో దీన్ని మార్చేది లేదు. మొన్న ఒక మిత్రుడి కొత్త ఇంటర్‌ఫేస్‌లో పాడబోతే నా గొంతు రెండు చెవుల్లోనూ వినబడింది. పక్కన ఇంకెవరో అందుకున్నారేమోనని పల్లవి మధ్యలోనే ఆగిపోయా.