చీకటి మండపంలో చిన్న లెన్స్: కానన్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం

ప్రయాణాల్లో ఫోటోలు తీసేవారికి, ముఖ్యంగా పాత గుళ్ళు, శిల్పాలు చూడటానికే ఊళ్ళు తిరిగేవారికి, కెమెరాతో వచ్చిన 18-55 ఎంఎం జూమ్ లెన్స్ తర్వాత కొనవలసిన మొదటి వస్తువు ఏదని అడిగితే నేను కానన్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం లెన్స్ పేరే చెబుతాను (ఎస్‌టీఎం అంటే ఫోకస్‌ను కదిలించే స్టెప్పింగ్ మోటారు). 2015లో వచ్చిన ఈ లెన్స్ బరువు 160 గ్రాములు మాత్రమే, నేను కొన్నప్పుడు ధర పది వేల రూపాయల లోపే ఉంది. నా దగ్గర ఉన్నది కానన్ 1500డీ, అంటే పాత ఫిల్మ్ చట్రం కన్నా చిన్న సెన్సర్ ఉన్న (క్రాప్ సెన్సర్) కెమెరా కాబట్టి ఈ సమీక్షంతా ఆ జోడీ గురించే.

దీని విలువ నాకు పూర్తిగా తెలిసివచ్చింది ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడిలో. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించిన ఈ ఆలయానికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. రంగమండపానికి మూడు వైపుల నుంచీ వెలుతురు వస్తుంది గానీ, నడుమ నిలిచిన నల్లరాతి స్తంభాలు ఆ వెలుతురును ఇట్టే మింగేస్తాయి. 18-55 లెన్స్‌ను 55 దగ్గర పెడితే అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది). వెలుతురుకు కెమెరా స్పందనను పెంచే ఐఎస్‌ఓను 1600 పెట్టినా షట్టర్ వేగం సెకనులో పదో వంతు వరకూ పడిపోయి, లెన్స్‌లో స్థిరీకరణ ఉన్నప్పటికీ నా చేతుల్లో సగం ఫోటోలు అలుక్కుపోయాయి. అదే చోట 50 ఎంఎం బిగించి ఎఫ్/1.8 పెడితే లోపలికి వచ్చే వెలుతురు దాదాపు తొమ్మిదిన్నర రెట్లు పెరిగింది, షట్టర్ సెకనులో వందో వంతుకు చేరింది, సన్నని చెక్కడాల అంచులు స్పష్టంగా వచ్చాయి. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి కాబట్టి చేతిలో పట్టుకుని తీయగలగడం ఇక్కడ చాలా పెద్ద మేలు. ఫ్లాష్ అవసరం రాకపోవడం అంతకన్నా మేలు, ఎందుకంటే ఎదురుగా పడే వెలుతురులో శిల్పం లోతు చచ్చిపోతుంది, పక్కనుంచి పడే వెలుతురే దానికి ప్రాణం.

అయితే ఎఫ్/1.8ను జాగ్రత్తగా వాడాలి. మీటరు దూరం నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండే మందం సుమారు రెండున్నర సెంటీమీటర్లే. నర్తకి ముక్కు స్పష్టంగా ఉంటే చెవి కమ్మ మసకబారుతుంది. స్తంభాల చెక్కడాలకు నేను ఎఫ్/2.8 దగ్గర స్థిరపడ్డాను. నున్నగా మెరిసే నల్లరాయి మీద ఆటోఫోకస్ తడబడుతుంది కాబట్టి, చదునైన చోటును వదిలి హారం అంచు మీదో జడ పాయ మీదో మధ్య ఫోకస్ బిందువును పెట్టాలి. 35 సెంటీమీటర్ల దాకా దగ్గరకు వెళ్ళవచ్చు. అంత దగ్గర నుంచి తీస్తే అరచేయంత భాగం చట్రమంతా నిండుతుంది, శిల్పి ఉలి ఎక్కడ ఆగి ఎక్కడ తిరిగిందో గోళ్ళ దాకా చూడవచ్చు.

బయట చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికలకూ, అంటే స్త్రీ శిల్పాలకూ, ఈ లెన్స్ చక్కగా అతికింది. గుడి చుట్టూ ఉండే ఎత్తైన అరుగు, అంటే జగతి, మీద నిలబడి తలెత్తితే ఒక మదనిక పాదరక్షల నుంచి శిరోజాల దాకా నిలువు చట్రంలో సరిపోతుంది. వెనుక తెల్లని ఆకాశం ఉంటుంది కాబట్టి ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్, అంటే రెట్టింపు, పెంచకపోతే బొమ్మ నల్లని నీడగా మిగులుతుంది.

గుడి మొత్తాన్ని తీయాలంటే మాత్రం ఇది పనికిరాదు. క్రాప్ సెన్సర్ మీద 50 ఎంఎం చూపు 80 ఎంఎంతో సమానం. నిలువుగా పట్టుకున్నా పది మీటర్ల ఎత్తు చట్రంలో పట్టాలంటే కనీసం ఇరవై రెండు మీటర్లు వెనక్కి నడవాలి. చుట్టూ ప్రాకారం, చెట్లు, తోటి యాత్రికులు ఉన్నచోట అంత జాగా దొరకదు. లేపాక్షి నాట్యమండపం కప్పు మీది వర్ణచిత్రాల్లో ఒక ముఖాన్నో ఒక చీర అంచునో తీయడానికి ఇది బాగుంటుంది, కథ మొత్తం కనిపించాలంటే 18-55నే ఆశ్రయించాలి. కాబట్టి ఒక్క ఈ లెన్స్‌తోనే యాత్రకు బయలుదేరమని నేను ఎవరికీ చెప్పను.

మనుషుల ఫోటోలకు దీని సాయం మరువలేనిది. తిరుగు ప్రయాణంలో బస్సు కోసం ఎదురుచూస్తుండగా, ఒక ముసలమ్మ బొగ్గుల మీద మక్కకంకులు కాలుస్తూ కనిపించింది. “ఒక ఫోటో తీసుకోనా అవ్వా?” అని అడిగితే, “తీస్కో బిడ్డా, గని మంచిగ తియ్యి” అంది. విసనకర్ర ఊపినప్పుడల్లా లేచే నిప్పురవ్వలు, ఆ ఎర్రని వెలుగులో ఆమె చేతి ముడతలు ఎఫ్/2 దగ్గర ఎంతో సహజంగా వచ్చాయి. రెండు మీటర్ల దూరంలో నిలబడ్డాను కనుక లెన్స్‌ను ముఖం మీదికి తీసుకెళ్ళవలసిన పని లేకపోయింది. తెర మీద చూపిస్తే కంకి తిప్పడం ఆపి చాలాసేపు చూసింది. ఆ ఫోటోల్లో ఒక లోపం ఉంది: బండికి వేలాడే బల్బు పక్కన ఆకుపచ్చని నకలు బల్బు ఒకటి పడింది. దానికి కారణం లెన్స్ కాదు, రక్షణ కోసమని ఒక చిన్న దుకాణంలో కొని ముందు బిగించిన చవక 49 ఎంఎం ఫిల్టర్. అది తీసేశాక ఆ సమస్య మళ్ళీ రాలేదు. ఫిల్టర్‌కు పెట్టే డబ్బు, లెన్స్ ముందు పక్క వెలుతురును అడ్డుకునే హుడ్‌కు పెట్టడం మంచిది, దాన్ని విడిగా కొనుక్కోవాలి.

దుమ్ము, తేమ లోపలికి పోకుండా ఆపే ఏర్పాటు ఇందులో లేదు. వానలోనూ ఎర్రమట్టి దారుల్లోనూ సంచిలోనే ఉంచాలి. దగ్గరి వస్తువుకు ఫోకస్ చేసినప్పుడు ముందు గొట్టం బయటికి సాగుతుంది. దూరంగా ఉన్న దేనికైనా ఫోకస్ చేసి, గొట్టం లోపలికి వెళ్ళాకే కెమెరా ఆపి సంచిలో పెట్టడం నేను అలవాటు చేసుకున్నాను.

మిర్రర్‌లెస్ ఆర్ శ్రేణి కెమెరా ఉన్నవారు ఈ లెన్స్‌ను ఆ కెమెరాకు బిగించే అడాప్టర్ జోలికి పోకుండా 2020లో వచ్చిన ఆర్‌ఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 తీసుకోవచ్చు, దాని బరువూ ఇంతే. పాతది కొనేవారు పేరులో ఎస్‌టీఎం అన్న అక్షరాలు ఉన్నాయో లేదో చూడండి. 1990 నాటి రెండో వెర్షన్ ఇంకా చేతులు మారుతూనే ఉంది; దాని మౌంట్ (కెమెరాకు బిగించే వలయం) ప్లాస్టిక్, ఎస్‌టీఎం లెన్స్‌ది లోహం. కెమెరాకు బిగించి, దగ్గరికీ దూరానికీ పదిసార్లు ఫోకస్ చేయించి, ముందు గొట్టం ఎక్కడా ఆగకుండా కదులుతోందని చూసుకున్న తర్వాతే డబ్బు చేతిలో పెట్టండి.