మినియేచర్ ఇళ్ల కిట్లు టోకున తెప్పించుకునేవాళ్లకు, కొనేవాళ్లకు కర్నూలు నుంచి ఒక హెచ్చరిక

మాది కర్నూలు పాతబస్తీ. చిన్నప్పటి నుంచి అగ్గిపెట్టెలతో, ఐస్‌క్రీమ్ పుల్లలతో ఇళ్లు కట్టడం నాకు ప్రాణం. దసరాకు బొమ్మల కొలువు పెట్టేవాళ్లు చిన్న చిన్న ఇళ్లు, అంగళ్లు వెతుక్కుంటారు కదా, వాళ్లకు అమ్ముదామని మినియేచర్ ఇళ్ల కిట్లతో ఇన్‌స్టాగ్రామ్‌లో చిన్న షాపు మొదలుపెట్టినాను. అన్నీ 1/24 స్కేలువి. అంటే ఆరడుగుల మనిషి మూడంగుళాలు అవుతాడు.

సరుకు కోసం వాట్సాప్‌లో ఒక హోల్‌సేలర్ దొరికినాడు. ముందు శాంపిల్‌గా మూడు కిట్లు తెప్పించినాను. చెక్క ముక్కలు చక్కగా కోసి ఉన్నాయి, ఎల్ఈడీ దీపం వెలిగింది, జిగురు తాజాగా ఉంది. అది చూసి 60 కిట్లకు, ఒక్కోటి 640 లెక్కన, 38,400 రూపాయలు మొత్తం ముందే యూపీఐలో వేసినాను. శాంపిల్ బాగుందంటే సరుకంతా బాగుంటుందని నమ్మడమే నేను చేసిన తప్పు. నమ్మించడానికే పంపే శాంపిల్ అట్లా కాక ఇంకెట్లా ఉంటుంది!

సీలు వేసిన డబ్బాలు విప్పితే విలువ పోతుందని, విప్పకుండానే 11 అమ్మినాను. నంద్యాల నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. "అమ్మా, మేడ మీది గోడే లేదు, కుర్చీ చూస్తే తలుపంత ఉంది" అని. కుర్చీ 1/12 స్కేలుది, 1/24 ఇంట్లో వేసి పంపినారు. ఆ రాత్రి మిగిలిన 49 డబ్బాలూ విప్పినాను. 34 డబ్బాల్లో ముక్కలు తక్కువ, లేదా విరిగినవి. జిగురు గొట్టాలు రాయిలా గట్టిపడినాయి. కొన్నిట్లో వేరే ఇంటి సూచనల కాగితం ఉంది. వేరేవాళ్లు వెనక్కి పంపిన సరుకునే మళ్లీ ప్లాస్టిక్ చుట్టి పంపినట్టుంది.

డబ్బు సంగతి అట్లుంచండి. నన్ను భయపెట్టింది బ్యాటరీ పెట్టె. దీపానికి గుండీ బ్యాటరీ వాడతారు. శాంపిల్‌లో ఆ పెట్టె మూతకు స్క్రూ ఉంది. తర్వాత వచ్చిన వాటిలో వేలితో తోస్తే మూత ఊడొస్తుంది. పసిపిల్లలు ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల అన్నవాహిక కాలిపోవచ్చు. మింగినారని అనుమానం వచ్చినా తెల్లారేదాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి పోవాల్సిందే. డబ్బా మీద "14+" స్టిక్కరు కొత్తగా అతికించింది. గీకి చూస్తే కింద "6+" అని ఉంది. ఎందుకంటే 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు కింద సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది, ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో అది కొట్టి చూసుకోవచ్చు. ఆ గుర్తు లేని బొమ్మలు అమ్మితే చిన్న షాపయినా తప్పే. ఇది నాకు ముందే తెలిసి ఉండాల్సింది.

బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంది కాబట్టి ధైర్యంగా ఉన్నాను. అది 15 అక్షరాల నంబరు, మొదటి రెండంకెలు రాష్ట్రానివి (మనది 37). జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా ఊరికే చూడొచ్చు. నేను సరుకు వచ్చినాక చూసినాను. అది ఎవరిదో బట్టల దుకాణం నంబరు, అదీ రద్దయింది. యూపీఐలో డబ్బు వేసేటప్పుడు వచ్చిన పేరు ఇంకొకరిది. బిల్లు మీది పేరు, జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే పేరు, యూపీఐలో వచ్చే పేరు, ఈ మూడూ కలుస్తాయో లేదో మీరు డబ్బు వేయకముందే చూడండి. మొత్తం ముందే అడిగేవాళ్లతో బేరమే వద్దు. ఇంకొకటి, వంటింటి కాటా మీద డబ్బాలు తూచండి. శాంపిల్ డబ్బా 780 గ్రాములు ఉంటే, తర్వాతవి 590 నుంచి 760 దాకా తూగినాయి. విప్పకుండానే తెలిసిపోయేది.

ఫిర్యాదు సంగతి కూడా చెప్తాను. మోసమని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, డబ్బు అవతలి ఖాతా దాటకముందే ఆపే వీలుంటుంది. నేను తొమ్మిది రోజుల తర్వాత చేసినాను, ఖాతా అప్పటికే ఖాళీ. ఇక 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, మళ్లీ అమ్మడానికి సరుకు కొన్నవాళ్లు వినియోగదారుల కిందికి రారు. కాబట్టి షాపు పెట్టేవాళ్లు పాడైన సరుకు వెనక్కి తీసుకుంటారా లేదా అన్నది డబ్బు వేయకముందే రాతలో పెట్టించుకోండి. ఇంటికోసం కొనుక్కున్నవాళ్లకు మాత్రం ఆ చట్టం అండ ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పుకోవచ్చు, తామున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. నా మీద వేసినా నేను తప్పు పట్టను.

అమ్మిన 11 కిట్లలో ఏడుగురికి డబ్బు తిరిగిచ్చేసినాను. మిగిలిన నలుగురు సి.క్యాంపు దగ్గర స్టాల్ పెట్టినప్పుడు నగదుకు కొన్నారు, ఫోన్ నంబర్లు రాసుకోలేదు. నీలం మూత డబ్బా, లోపల స్క్రూ లేని తెల్ల బ్యాటరీ పెట్టె. మీ ఇంట్లోగానీ, తెలిసినవాళ్ల ఇంట్లోగానీ కొలువు మెట్ల మీద అది ఉంటే, ముందు బ్యాటరీ తీసి పిల్లలకు అందనిచోట పెట్టండి. కిట్ తెచ్చివ్వక్కర్లేదు, ఒక ఫోటో పంపండి చాలు, మీ 1,150 రూపాయలు ఆ పూటే వేస్తాను.