ఏజెన్సీ పెట్టాలా, సాఫ్ట్‌వేర్ చెయ్యాలా? కెనడా వాళ్లిద్దరిలో ఎవరి దారి మేలు?

డిజిటల్ మార్కెటింగ్‌లో నాలుగైదేళ్లు నలిగినవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ టెన్షన్ తప్పదు. క్లయింట్లకి పని చేసిపెట్టే ఏజెన్సీ పెట్టుకోవాలా, పదిమందికీ అమ్మే సాఫ్ట్‌వేర్ ఒకటి చేసుకోవాలా? కెనడాలో మాంట్రియల్‌కి చెందిన మిచ్ జోయెల్ మొదటి దారిలో వెళ్లాడు. వాంకూవర్‌లో రయాన్ హోమ్స్ రెండో దారి పట్టాడు.

జోయెల్ మొదట్లో సంగీతం మీద రాసే జర్నలిస్టు. తర్వాత ట్విస్ట్ ఇమేజ్ అనే ఏజెన్సీలో భాగస్వామి అయ్యాడు. ఏజెన్సీ గొప్పలు చెప్పుకోకుండా, ఇంటర్నెట్ వల్ల వ్యాపారాలు ఎలా మారుతున్నాయో బ్లాగులో రాస్తూ పోయాడు. 2006లో ‘సిక్స్ పిక్సెల్స్ ఆఫ్ సెపరేషన్’ అనే పాడ్‌కాస్ట్ మొదలెట్టాడు. 2009లో అదే పేరుతో పుస్తకం, 2013లో ఇంకోటి. 2014లో డబ్ల్యూపీపీ అనే పెద్ద ప్రకటనల సంస్థ ఏజెన్సీని కొనేసింది. మరుసటేడు దాని పేరు కూడా మిరమ్ అయిపోయింది. పేరు బోర్డు మారింది గానీ, పాడ్‌కాస్ట్ జోయెల్‌తోనే ఉండిపోయింది. ఆదివారం వచ్చిందంటే కొత్త ఎపిసోడ్. అవి 900 దాటాయి.

హోమ్స్ కథ వేరే. చదువు మధ్యలో వదిలేసి పిజ్జా షాపు నడిపాడు. వాంకూవర్ చేరి 2000లో ఇన్వోక్ అనే ఏజెన్సీ పెట్టాడు. అవును, ఆయనా ఏజెన్సీ నుంచే వచ్చాడు! ట్విట్టర్ ఖాతాలు ఎక్కువైపోయి, అన్నీ ఒకే తెర మీద చూసుకునే వీలు లేక, 2008లో వాళ్లే ఒక టూల్ చేసుకున్నారు. దానికి పేరు పెట్టమని జనానికి పోటీ పెడితే హూట్‌సూట్ అన్న పేరొచ్చింది. 2013లో 16.5 కోట్ల డాలర్ల పెట్టుబడి వచ్చింది. 2020లో సీఈవో కుర్చీ ఇంకొకరికి ఇచ్చేశాడు.

డబ్బు లెక్కే చూస్తే హోమ్స్ దారిదే పైచేయి. సాఫ్ట్‌వేర్‌కి వెయ్యో కస్టమర్ వచ్చాడని కొత్త మనిషిని పెట్టుకోనక్కర్లేదు. ఏజెన్సీలో అలా కుదరదు. శనివారం రాత్రి పదకొండింటికి క్లయింటు ఫోన్: “బాబూ, దసరా ఆఫర్ పోస్టర్‌లో మా నంబరు ఒక అంకె తప్పు పడింది.” భోజనం పక్కన పెట్టి లాప్‌టాప్ తెరవాల్సిందే. ఇది నాకు స్వానుభవం.

అయినా నా ఓటు జోయెల్‌కే. ఏజెన్సీలో మొదటి నెల నుంచే ఎంతో కొంత చేతికొస్తుంది. సాఫ్ట్‌వేర్‌కి ముందు పెట్టుబడి కావాలి, పైగా పరాయివాళ్ల దయ కూడా కావాలి. 2023లో ట్విట్టర్ తన డేటా వాడుకునే రేట్లు పెంచేసరికి, దాని మీద బతికే చిన్న టూల్స్ కొన్ని దుకాణం కట్టేశాయి. అన్నిటికన్నా ముఖ్యం, జోయెల్ ఏజెన్సీని అమ్మేసినా ఆయన్ని చదివేవాళ్లు, వినేవాళ్లు ఆయన వెంటే వచ్చారు. హోమ్స్ కుర్చీ దిగితే కస్టమర్లు హూట్‌సూట్ దగ్గరే ఆగారు.

చేతిలో రెండేళ్ల ఇంటి ఖర్చు, పక్కన నమ్మకమైన ఇంజినీరు ఉంటే మాత్రం హోమ్స్ బాటే పట్టండి. నాకు ఆ రెండూ లేవు. అందుకే ఇంకా పోస్టర్లు దిద్దుతున్నాను. కాకపోతే ఈమధ్య ఆదివారం పొద్దున ఒక గంట ఫోన్ కట్టేసి, నా పేరు మీద నేను రాసుకుంటున్నాను.