సౌండ్‌బార్‌తో మూడేళ్లు: మోత కోసం కొన్నాను, మాటల కోసం ఉంచుకున్నాను

"ఏమన్నాడురా?"

కొత్త టీవీ వచ్చాక మా ఇంట్లో రోజూ వినపడిన ప్రశ్న ఇది. అమ్మ అడగడం, నేను చెప్పడం, చెప్పేలోపు తర్వాతి డైలాగు కూడా దాటిపోవడం. పాత టీవీతో ఈ ఇబ్బంది ఇంతగా లేదు. కొత్తది 55 అంగుళాలది, బొమ్మ అద్దంలా కనిపిస్తుంది, పక్కనుంచి చూస్తే పలకలా ఉంటుంది. ఆ సన్నదనంతోనే వచ్చింది చిక్కంతా. స్పీకరు బాగా పలకాలంటే లోపల గాలి ఆడేంత చోటుండాలి. ఇంత పల్చటి టీవీలో ఆ చోటే లేదు. ముందువైపంతా తెరే కాబట్టి చాలా టీవీల్లో స్పీకర్లను కిందికో వెనక్కో తిప్పి పెడతారు. అంటే మాట నేరుగా మన వైపు రాదు, గోడకో బల్లకో తగిలి వస్తుంది. వాల్యూమ్ పెంచితే మోత పెరుగుతుంది గానీ మాట తేటపడదు.

నిజం చెప్పాలంటే టీవీ కింద పెట్టే ఈ పొడవాటి స్పీకరు కడ్డీ, అంటే సౌండ్‌బార్ కొన్నది అమ్మ కోసం కాదు. సినిమా చూస్తుంటే గుండెల్లో దద్దరిల్లాలని నా కోరిక. షాపులో వినిపించిన డెమో కూడా అలాంటిదే, ఉరుములు, పేలుళ్లు, హెలికాప్టర్. విని మురిసిపోయి తెచ్చుకున్నాను. మూడేళ్ల తర్వాత చూస్తే ఆ దద్దరిల్లడం వారానికి ఒకసారి కూడా అక్కర్లేదు. నాకు మిగిలిన లాభం వేరే చోట దొరికింది, దాని గురించే ఈ సమీక్ష.

మా ఇంట్లో ఉన్నది 3.1 రకం. డబ్బా మీద ఉండే ఈ అంకెల అర్థం తెలిస్తే సగం అయోమయం తీరిపోతుంది. మొదటి అంకె చెవి ఎత్తులో శబ్దం ఇచ్చే చానెళ్లు ఎన్నో చెబుతుంది. రెండోది సబ్‌వూఫర్, అంటే బేస్ కోసం విడిగా వచ్చే పెట్టె. మూడో అంకె ఉంటే అది పైకప్పు వైపు శబ్దం కొట్టే స్పీకర్ల లెక్క. 2.1లో ఎడమ, కుడి మాత్రమే ఉంటాయి. 3.1లో ఆ రెంటి మధ్య ఇంకోటి ఉంటుంది, దాన్నే సెంటర్ అంటారు. సినిమాల్లో, సీరియళ్లలో 5.1గా కలిపిన సౌండ్‌ట్రాక్ ఉంటే మాటల్లో ఎక్కువ భాగం ఈ సెంటర్‌లోకే పంపిస్తారు. పాట, నేపథ్య సంగీతం, వాన చప్పుడు పక్కల నుంచి వస్తాయి. మాటకి సొంత స్పీకరు ఒకటి ఉంటే ఎంత తేడా ఉంటుందో మొదటి రాత్రే తెలిసింది. ఇద్దరు మనుషులు వానలో నిలబడి మెల్లగా మాట్లాడుకునే సీను. అమ్మ "ఏమన్నాడురా" అనలేదు. నేను అది గమనించడానికి కూడా కాసేపు పట్టింది.

ఎందుకు ఇలా అని తర్వాత చదువుకున్నాను. అచ్చుల్లో బలం ఎక్కువ, అవి కింది శ్రుతుల్లో ఉంటాయి కాబట్టి దూరానికీ వినపడతాయి. హల్లులు అలా కాదు. స, ష, చ, క లాంటి వాటిని మనం దేనితో గుర్తుపడతామో ఆ సన్నటి భాగం ఎక్కువగా 2,000 హెర్ట్జ్‌కి పైన ఉంటుంది. వయసుతో పాటు చెవి ముందుగా పోగొట్టుకునేది ఆ పై శ్రుతులనే. అందుకే అమ్మకి ఎవరో మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. పాలు, కాలు, చాలు మూడూ ఆమె చెవికి "ఆలు" గానే చేరతాయి. బార్‌లో "వాయిస్" అనే బటన్ ఒకటుంది. అది నొక్కితే ఆ పై శ్రుతులు కొంచెం లేచి, కింది మోత కొంచెం తగ్గుతుంది. ఈ మూడేళ్లలో ఆ రిమోట్ మీద రంగు వెలిసిన బటన్ అదొక్కటే.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పాటలు వినేటప్పుడు వాయిస్ మోడ్ తీసేయండి. గొంతు పీలగా, తంబూర లేని పాటలా అనిపిస్తుంది. ఆ మాటకొస్తే పాటల కోసం మాత్రమే కొనేవాళ్లకి నేను సౌండ్‌బార్ చెప్పను. మీటరు పొడవు కూడా లేని కడ్డీలో ఎడమ, కుడి ఎంత దూరంగా ఉండగలవు? రెండు మూలలా రెండు స్పీకర్లు పెట్టుకుంటే వచ్చే విశాలత దీనిలో రాదు. పాత మోనో రికార్డింగులకి ఆ లోటు లేదు, అవి ఒకే చోటు నుంచి రావలసినవే కాబట్టి చక్కగా ఉంటాయి.

రాత్రి మోడ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని ఆన్ చేసే చూడరు. సినిమాల్లో గుసగుసకీ పేలుడుకీ మధ్య తేడా చాలా ఎక్కువగా పెడతారు. థియేటర్‌లో అది బాగుంటుంది. ఇంట్లో మాత్రం రిమోట్ చేత్తో పట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది, మాటలకి పెంచి, ఫైటింగ్‌కి తగ్గించి. రాత్రి మోడ్ ఆ తేడాను కుదిస్తుంది. మెల్లటివి కాస్త లేస్తాయి, పెద్దవి అణుగుతాయి. పక్క గదిలో పిల్ల నిద్రపోతుంటే మేము పూర్తి సినిమా చూడగలుగుతున్నామంటే దీనివల్లే.

ఇక సబ్‌వూఫర్. మొదట దాన్ని గది మూలలో పెట్టాను, అక్కడే ఖాళీ ఉంది కాబట్టి. ప్రతి మగగొంతూ పీపాలోంచి మాట్లాడినట్టు వచ్చింది. మూలలో రెండు గోడలు, నేల కలిసి బేస్‌ను ఇంకా పెద్దది చేస్తాయి. 50 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు దాదాపు 7 మీటర్లు, అంటే మామూలు గది కంటే పెద్దది. అందుకే అంత కింది శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు, పెట్టెను టీవీ పక్కనే ఉంచాలన్న నియమమూ లేదు. నేను చేసింది ఇది: పెట్టెను మనం కూర్చునే సోఫా మీద పెట్టి, బేస్ ఉన్న పాట ఒకటి పెట్టి, గదంతా మోకాళ్ల మీద పాకుతూ విన్నాను. ఎక్కడ శబ్దం గట్టిగా, కానీ మోత లేకుండా వచ్చిందో ఆ చోట పెట్టె పెట్టాను. మూల నుంచి రెండడుగులు ఇవతలకి వచ్చింది అంతే. తేడా మాత్రం బార్ మార్చినంత ఉంది. రౌటర్ పక్కన ఉన్నప్పుడు సబ్‌వూఫర్ అప్పుడప్పుడు టక్ మని ఆగి మళ్లీ అందుకునేది, రౌటర్‌ను అవతలకి జరిపాక అదీ పోయింది.

కనెక్షన్ దగ్గరే ఎక్కువ మంది విసిగిపోతారు. నేను కూడా మొదటి రోజు రెండు గంటలు పోగొట్టుకున్నాను. టీవీ వెనక మూడు హెచ్‌డీఎంఐ రంధ్రాలున్నాయి, చూడటానికి మూడూ ఒకటే. వాటిలో ఒక్కదాని పక్కనే చిన్న అక్షరాలతో "ఏఆర్‌సీ" అని ఉంది. శబ్దం టీవీ నుంచి బార్‌కి వెనక్కి ప్రయాణించేది ఆ ఒక్కదానిలోంచే. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది ఈ సదుపాయం. 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో పాటు దీని పెద్దన్న "ఈఏఆర్‌సీ" వచ్చింది. అది సెకనుకు 37 మెగాబిట్ల దాకా మోస్తుంది, పాతది 1 మెగాబిట్ దగ్గర ఆగిపోతుంది. ఈ అంకె చూసి కంగారుపడనక్కర్లేదు. స్ట్రీమింగ్ యాప్‌లలో వచ్చే డాల్బీ అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వస్తున్నట్టు వినిపించే పద్ధతి) కుదించిన రకం, పాత ఏఆర్‌సీ దాన్ని మోయగలదు. బ్లూరే డిస్కులు చూసేవాళ్లకే ఈఏఆర్‌సీ నిజంగా కావాలి.

రంధ్రం సరిగ్గా ఎంచుకున్నా సౌండ్ రాకపోతే టీవీ సెట్టింగ్స్‌లో "సీఈసీ" ఆన్‌లో ఉందో లేదో చూడాలి. ఒక్క రిమోట్‌తో రెండూ నడిచేది దానివల్లే. సెట్టింగ్స్‌లో ఆ పేరు నేరుగా కనపడకపోవచ్చు. సామ్‌సంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. మూడూ ఒకటే పని.

ఇప్పుడు నన్ను బాధపెట్టిన విషయం. ఏడాది దాటాక టీవీకి ఒక అప్‌డేట్ వచ్చింది. ఆ రోజు నుంచి నాలుగైదు సార్లలో ఒకసారి టీవీ ఆన్ అవుతుంది, బార్ కూడా వెలుగుతుంది, శబ్దం రాదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే టీవీవాళ్లు బార్ తప్పన్నారు, బార్‌వాళ్లు టీవీ తప్పన్నారు. నేను ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసి "మళ్లీ మూగబోయిందిరా" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. నాకు పనికొచ్చిన ఉపాయం ఒకటే: రెండింటి ప్లగ్గులూ పీకి, రెండు నిమిషాలు ఆగి, ముందు టీవీ, తర్వాత బార్ పెట్టడం. రిమోట్‌తో ఆపితే చాలదు, ప్లగ్గే పీకాలి. కానీ అరవై ఎనిమిదేళ్ల మనిషి రోజూ వంగి ప్లగ్గులు పీకలేదు కదా.

అందుకని ఆప్టికల్ కేబుల్‌కి మారాను. 1983 నుంచి ఉన్న పద్ధతి అది, వెలుగుతో శబ్దాన్ని పంపుతుంది. అట్మాస్ రాదు, మా టీవీ రిమోట్‌తో బార్ వాల్యూమ్ మారదు, కాబట్టి రెండు రిమోట్లు. కానీ మామూలు డాల్బీ 5.1 వస్తుంది, అంటే సెంటర్‌లో మాటలు అలాగే ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఆరు నెలల్లో ఒక్కసారి కూడా మూగబోలేదు. తర్వాత ఇంకో అప్‌డేట్‌తో ఆ జబ్బు నయమై మళ్లీ హెచ్‌డీఎంఐకి వచ్చాను, కానీ ఆప్టికల్ కేబుల్ ఇప్పటికీ వెనక వేలాడుతూనే ఉంది, తీయలేదు. మీరు కొనే బార్‌కి ఆప్టికల్ రంధ్రం కూడా ఉందో లేదో చూసి మరీ కొనండి.

బ్లూటూత్‌తో టీవీని కలపొద్దు. వైరు లేదని హాయిగా అనిపిస్తుంది, కానీ పెదవి ముందు కదిలి మాట వెనక వస్తుంది. దీనికి లెక్క ఉంది. 1998 నాటి ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం) సిఫారసు ప్రకారం శబ్దం బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకొచ్చినా మనిషి పట్టేస్తాడు. ఆలస్యాన్ని ఎక్కువ ఓర్చుకుంటాం, ఎందుకంటే లోకంలో వెలుగు ముందు, శబ్దం తర్వాత రావడం మనకి అలవాటు. బ్లూటూత్ ఆ ఆలస్యపు గీతను తేలిగ్గా దాటుతుంది. బార్‌లో ఉండే ఆడియో డిలే సెట్టింగ్ శబ్దాన్ని ఇంకా వెనక్కి నెట్టగలదు గానీ ముందుకి లాగలేదు. ఇప్పటికే వెనకబడి ఉంటే దాన్ని సున్నాకి తెచ్చి, టీవీలో డిజిటల్ ఆడియో సెట్టింగ్‌ను పీసీఎం‌కి (శబ్దాన్ని కుదించకుండా పంపే పద్ధతి) మార్చి చూడండి.

అట్మాస్ కోసం పైకప్పు వైపు కొట్టే స్పీకర్లున్న బార్‌ను ఒక స్నేహితుడి ఇంట్లో విన్నాను. వాళ్ల పైకప్పు చదునుగా, మరీ ఎత్తు లేకుండా ఉంది. వాన నిజంగా నెత్తిమీద పడుతున్నట్టే ఉంది, అబద్ధం కాదు. అదే ఏటవాలు కప్పున్న గదిలో, ఫాల్స్ సీలింగ్ మెట్లుమెట్లుగా ఉన్నచోట శబ్దం అనుకున్న చోటికి తిరిగి రాదు. పైకి చూసే స్పీకరే లేకుండా "వర్చువల్" అట్మాస్ అని రాసి ఉన్నవాటి కోసం మాత్రం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి. ఆ డబ్బుతో సెంటర్ ఉన్నది తీసుకోండి.

చిన్నచిన్నవి త్వరగా చెప్పేస్తాను. బార్ ఎత్తు టీవీ కాళ్ల ఎత్తు కంటే ఎక్కువైతే తెర కింది అంచునీ రిమోట్ సిగ్నల్ అందుకునే చోటునీ కప్పేస్తుంది, కొలిచి కొనండి. బార్‌ను బల్ల అరలోకి తోయకండి, అంచుకి తెచ్చి పెట్టండి, లేకపోతే అర చెక్కే దాని గొంతు నొక్కుతుంది. ముందున్న గుడ్డ జాలీలో దుమ్ము బాగా పడుతుంది, వారానికోసారి మెత్తటి కుంచె చాలు, తడిగుడ్డ వద్దు. సబ్‌వూఫర్ నిద్రలోకి వెళ్లి లేచేటప్పుడు మొదటి క్షణం బేస్ మింగేస్తుంది, అది రిపేరు కాదు.

షాపుకి వెళ్తే వాళ్ల డెమో వినకండి. వార్తలు పెట్టమనండి, లేదా ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సీను పెట్టమనండి. వాల్యూమ్ తగ్గించమని అడగండి. తగ్గించాక కూడా ప్రతి హల్లూ వినపడితే అది మంచి బార్.

ఇంకొక మాట. ఏడాదిన్నర కింద అమ్మని చెవి పరీక్షకి తీసుకెళ్లాం. నిజానికి సౌండ్‌బార్ కంటే ముందే తీసుకెళ్లాల్సింది. బార్‌తో టీవీ బాగా వినపడేసరికి అంతా సరిపోయిందనుకున్నాను, ఫోన్‌లో, పక్కింటివాళ్లతో ఆమె ఇంకా ఇబ్బంది పడుతోందని గమనించలేదు. ఇప్పుడు ఎడమ చెవికి మిషన్ ఉంది. అది పెట్టుకుని బార్‌తో చూస్తే ఆమెకి దాదాపు అన్నీ అందుతున్నాయి.

పోయిన నెల ఇల్లు దులిపేటప్పుడు బార్ ప్లగ్గు తీసి, పెట్టడం మర్చిపోయాను. సాయంత్రం టీవీ సొంత స్పీకర్లతో మోగుతోంది. నేను ఫోన్ చూసుకుంటూ అసలు పట్టించుకోలేదు. సీరియల్ మొదలైన రెండో నిమిషంలో అమ్మ నా వైపు తిరిగింది.

"ఇదేమిట్రా, అందరూ నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నారు. ఆ బారు పెట్టలేదా?"