గుర్రాల మైదానానికి వీల్‌బారో కొంటున్నారా? లీటర్ల సంగతి తర్వాత, ముందు చక్రం చూడండి

“గుర్రపు శాలలకు ప్రత్యేకం, 200 లీటర్లు, హెవీ డ్యూటీ, పంక్చర్ కాని టైరు” అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఆకుపచ్చ వీల్‌బారో (లద్దె ఎత్తి తోసుకెళ్ళే ఒంటి చక్రపు బండి) జోలికి వెళ్ళకండి. 11,500 రూపాయలు పోసి కొన్నాం. వానాకాలం సగం కూడా గడవకముందే అది షెడ్డు మూలకు చేరింది. ప్రకటనలో చెప్పిన నాలుగు మాటల్లో పంక్చర్ కాదన్నది తప్ప ఒక్కటీ నిలబడలేదు. గుర్రాలు పెట్టుకున్నవాళ్ళు, పెట్టుకోబోయేవాళ్ళు ఇది చదివాకే డబ్బు కట్టండి.

మాది చేవెళ్ల అవతల నల్లరేగడి నేల. మలక్‌పేటలో పరుగు మానేసిన రెండు రేసు గుర్రాలు, ఒక మార్వాడీ జాతి ఆడగుర్రం మైదానంలో మేస్తాయి. 450 కిలోల గుర్రం రోజుకు లద్దె, మూత్రం కలిపి 20 కిలోలకు పైనే వదులుతుంది. మూడింటి లద్దె ఎత్తడమంటే రోజూ ఉండే పనే. ఎత్తకుండా వదిలేద్దామంటే కుదరదు. లద్దెలో ఉన్న నులిపురుగుల గుడ్లు వెచ్చని తడి వాతావరణంలో వారం పది రోజుల్లోనే పిల్ల పురుగులై గడ్డి మీదికి పాకుతాయి, గుర్రం ఆ గడ్డితో పాటు వాటినీ మింగుతుంది. మందులు ఎంత తాగించినా మైదానం శుభ్రంగా లేకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది. కనీసం వారానికి రెండుసార్లు ఎత్తాలి. అంటే బండి సరిగ్గా వానాకాలంలోనే ఎక్కువ అక్కరకు రావాలి. ఇది సరిగ్గా అప్పుడే మొరాయించింది.

లీటర్ల లెక్క చిన్నదే, చెప్పేసి ముందుకు వెళ్తాను. తొట్టి అంచు దాకా పట్టేది ఒక లెక్క, పైన గోపురంలా పోస్తే పట్టేది ఇంకో లెక్క. అమ్మేవాళ్ళు రాసేది చాలాసార్లు రెండోదే, అది రెండోదని మాత్రం చెప్పరు. బకెట్‌తో నీళ్ళు పోసి చూశాం. 200 అని రాసిన తొట్టి 130 దగ్గరే అంచు దాటి కారింది. లద్దె ఉండలు గోపురంలా నిలబడవు, గతుకు వస్తే దొర్లిపోతాయి. కాబట్టి మనకు పనికొచ్చేది అంచు దాకా పట్టే లెక్కే.

అసలు కథ చక్రంలో ఉంది. పంక్చర్ కాని టైరు అంటే లోపల ఫోమ్ నింపిన మెత్తని టైరు అనుకుంటాం. వచ్చింది మూడు అంగుళాల వెడల్పు కూడా లేని గట్టి ప్లాస్టిక్ చక్రం, పైన పలుచని రబ్బరు పొర. నిజమే, అది పంక్చర్ కాదు. నేలలోకి మాత్రం కత్తిలా దిగుతుంది. ఎండిన నేల మీద ప్రతి గతుకూ మోచేతుల దాకా తెలుస్తుంది. వాన పడ్డాక ఇరుసు దాకా కూరుకుపోతుంది.

కూరుకుపోవడం కన్నా పెద్ద తంటా ఇంకోటి ఉంది, అది ఏ ప్రకటనలోనూ కనబడదు. చక్రానికి, దాన్ని పట్టుకున్న ఇనుప చట్రానికి మధ్య సందు ఈ బండిలో వేలు దూరేంత కూడా లేదు. నల్లరేగడి చక్రానికి చుట్టుకుంటూ వచ్చి ఆ సందులో బిగుసుకుంటుంది, గడ్డి పీచు కూడా కలిసిందంటే ఇటుకలా గట్టిపడుతుంది. ఇక చక్రం తిరగదు, నేల మీద ఈడ్చుకుపోవాల్సిందే. గుర్రాలను చూసుకునే మా సైసు ఒక చేత్తో బండి పట్టుకుని, ఇంకో చేత్తో కొడవలి మొనతో మట్టి గీకి, నాలుగడుగులు తోసి మళ్ళీ గీకడం చూశాక ఈ పోస్టు రాయాలనిపించింది. “సార్, దీనికన్నా గంప నెత్తిన పెట్టుకోవడం నయం” అన్నాడు. నిజంగానే ఆ వారమంతా గంపలతోనే మోశారు. కొనే ముందు చక్రానికి రెండు పక్కలా, పైనా కనీసం రెండు వేళ్ళ సందు ఉందో లేదో చూసుకోండి. ఎర్రనేల, ఇసుకనేల వాళ్ళకు ఈ బెడద ఇంతగా ఉండదు.

బరువు సంగతీ చూడాలి. వీల్‌బారోలో తొట్టి ఎంత ముందుకు, అంటే చక్రం మీదికి ఉంటే చేతులకు అంత తేలిక. ఇరుసు నుంచి పిడి దాకా 150 సెంటీమీటర్లు, బరువు కేంద్రం ఇరుసుకు 50 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, 60 కిలోల లద్దెలో చేతుల మీద పడేది 20 కిలోలే. అదే బరువు 75 సెంటీమీటర్లకు జరిగితే 30 కిలోలవుతుంది. ఈ ఆకుపచ్చ బండిలో తొట్టి పెద్దగా కనబడాలని వెనక్కి సాగదీశారు. ఫోటోలో బాగుంటుంది, తోసేవాడి నడుము విరుగుతుంది.

ఇక హెవీ డ్యూటీ. చట్రం “20 గేజ్” అని గొప్పగా రాశారు. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పలుచబడుతుంది, మందం పెరగదు. 16 గేజ్ అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు, 18 అంటే 1.2, 20 అంటే 0.9. తెలియనివారికి 20 పెద్దదిగా కనబడుతుంది, అంకెను అంత పెద్దగా అచ్చు వేసింది అందుకే. మా బండికి మొదట పోయినవి కాళ్ళు. గొట్టానికి, కాలికి మధ్య అతుకు దగ్గర పైన పౌడర్ కోటింగ్ నున్నగా మెరుస్తోంది. విరిగాక చూస్తే లోపల వెల్డింగ్ చుట్టూ తిరగలేదు, రెండు చోట్ల చుక్కలు పెట్టి వదిలేశారు. పిడి గొట్టాల చివరలకు మూతలు లేవు. అక్కడి నుంచి వాననీళ్ళు, గుర్రపు మూత్రం లోపలికి దిగి తుప్పు లోపలి నుంచే తినేసింది. తొట్టి ప్లాస్టిక్‌ది. లద్దెకు ప్లాస్టిక్ మంచిదే, తుప్పు పట్టదు, కడిగితే వదులుతుంది. అయితే అంత తొట్టినీ నాలుగే బోల్టులతో, కింద వాషర్లు కూడా లేకుండా బిగించారు. మన ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కగానే ఆ నాలుగు రంధ్రాల దగ్గరే పగుళ్ళు వచ్చాయి.

తిరిగి తీసుకోమని అడిగితే జవాబులు వరసగా మారాయి. మొదట ఫోటోలు పంపమన్నారు. పంపాక వీడియో కావాలన్నారు. అదీ పంపాక, “లద్దె వేశారు కాబట్టి వాడిన సరుకు, వెనక్కి తీసుకోం” అన్నారు. లద్దె బండిలో లద్దె కాక పూలు వేస్తారా? ఇలాంటి మాటలకు తగ్గకండి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును, లోపం ఉన్న సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఫోనులో వాదించకుండా రాతపూర్వకంగా పంపండి, ప్రకటన పేజీని ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మేము ఫిర్యాదు చేసిన మరునాడే ఆ పేజీలో 200 లీటర్లు కాస్తా “పెద్ద సైజు”గా మారిపోయింది! చివరికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేశాకే డబ్బు కదిలింది, అదీ రవాణా ఖర్చు పట్టుకుని. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు సరుకుకు అక్కడ ఫీజు లేదు.

ఇప్పుడు మేము వాడుతున్నది ఊళ్ళో వెల్డింగ్ షాపులో చేయించుకున్నది. గొట్టం 16 గేజ్, తొట్టి ప్లాస్టిక్, కింద ఆనుకోవడానికి అడ్డపట్టీలు. చక్రం 4.00-8 సైజు గాలి టైరు. ఈ సైజునే ఎంచుకోవడానికి కారణం ఉంది. ప్యాసింజరు ఆటోలకు వాడేదీ ఇదే కాబట్టి ట్యూబు ఏ పంక్చర్ షాపులోనైనా దొరుకుతుంది. పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు ఉన్నచోట గాలి టైరుకు పంక్చర్లు తప్పవు, మాకూ పడుతున్నాయి. అయినా ముల్లు తీసి అతుకు వేయించుకోవచ్చు, బురదలో దిగబడే గట్టి చక్రానికి మందు లేదు. ఒక్క జాగ్రత్త: టైరు పక్కన రాసిన మేరకే గాలి కొట్టించండి. షాపుల్లో కంప్రెసర్‌తో లారీ టైరుకు కొట్టినట్టు కొడితే, రెండు రేకులు బోల్టులతో కలిపిన వీల్‌బారో రిమ్ము విడిపోయి ఎదురుగా ఉన్న మనిషిని గాయపరుస్తుంది.

రెండు చక్రాల బండి తీసుకోవచ్చా అని కొందరు అడుగుతున్నారు. నేల చదునుగా, గేటు వెడల్పుగా ఉంటే హాయిగా తీసుకోండి, పక్కకు ఒరగదు. కాలిబాటలాంటి దారి ఉన్నవాళ్ళకు, వాలు మీద అడ్డంగా నడవాల్సినవాళ్ళకు మాత్రం ఒంటి చక్రమే మేలు.

అమ్మినవాడి పేరు చెప్పమంటారేమో. చెప్పినా లాభం లేదు, అదే సరుకు ఇప్పుడు వేరే పేర్లతో, వేరే ధరలతో అమ్ముతున్నారు. ఫోటో మాత్రం మారలేదు. తెల్ల గుర్రం పక్కన గడ్డితో నిండిన ఆకుపచ్చ బండి ఉంటుంది. గుర్రానికి ఎడమ వైపు నీడ పడుతుంది, బండికి అసలు నీడే ఉండదు.